దుప్పటి రెండో కొస

మా కాన్పుల వార్డులో ఆమెని అందరూ దుప్పట్ల అక్క అనేవాళ్ళు. అసలు పేరు జీతాల కాగితంలో ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే పలికేది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు అదే వార్డులో నర్సుగా పనిచేసి మొన్ననే రిటైరైంది. వీడ్కోలు సభలో ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను ముందుకి తోశారు. మైకు పట్టుకుని నీళ్ళు నమిలాను. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో నా పరువు కొంత పోతుంది. పోతే పోనివ్వండి.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. రోజూ పదకొండింటికి లాండ్రీ గదిలోంచి ఉతికిన దుప్పట్లు రెండు మూటలు వచ్చేవి. వాటిని మడతపెట్టడం నర్సుల పని కాదు, దానికి ఆయాలున్నారు. అయినా అక్క ఒక మూట లాక్కుని, నెలనెలా చూపించుకోడానికి వచ్చిన గర్భిణులు కూర్చునే వరండాలోకి వెళ్ళేది. ఎవరో ఒకామెని ఏరుకుని, "అమ్మాయ్, ఓ చెయ్యి వెయ్యి" అని దుప్పటి రెండు కొసలు చేతికిచ్చేది.

అలా ఏరుకునేది కూడా ముందు ఒకసారో రెండుసార్లో కన్నవాళ్ళనే. "తొలిచూలుదానికి భయం ఒక్కటే ఉంటుంది. మలిచూలుదానికి జ్ఞాపకం కూడా ఉంటుంది. ఆ జ్ఞాపకం మీ కాగితాల్లో ఎక్కడుందో చూపించు" అనేది నాతో.

దుప్పటి దులపాలి, సగానికి మడవాలి, అటు మనిషీ ఇటు మనిషీ నాలుగడుగులు దగ్గరికి రావాలి, కొసలు అందించాలి, మళ్ళీ వెనక్కి నడవాలి. కళ్ళు అంచుల మీద ఉంటాయి కాబట్టి ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. మూడో దుప్పటికో నాలుగో దుప్పటికో అక్క మామూలుగా అడిగేది: "మొదటిది పుట్టగానే ఏడ్చిందా?"

అంతే. ఇంక అవతలి మనిషి చెప్పుకుపోయేది. కేసు షీట్లో రెండో కాన్పు అని రాయించుకున్నామెకి అది నాలుగోదని తేలేది. రెండేళ్ళ ఎడం అన్నామెకి నిజానికి పది నెలలే అని బయటపడేది. పోయినసారి బిడ్డ నాలుగు కిలోలున్నాడనీ, నెత్తురు ఆగలేదనీ, ఈసారి నొప్పులు పడే ధైర్యం లేక ఆపరేషన్ చెయ్యమని అడగడానికే వచ్చాననీ, అన్నీ దుప్పటి మడతల్లోంచే వచ్చేవి.

నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే నేనూ అదే వార్డులో నర్సుని, ఆ కేసు షీట్లు నింపేది నేను. వార్డు రిజిస్టరూ నాదే. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పెద్ద డాక్టరమ్మ నలుగురిలో అన్నప్పటి నుంచి నేను కొంచెం నేల మీద నడవడం మానేశాను కూడా.

"అక్కా, నేను అడిగినప్పుడు వీళ్ళకి నోరు ఎందుకు రాదు? అదే వరండా, అదే మనిషి" అన్నాను ఒకసారి.

"నువ్వు బల్ల అవతల కూర్చుని అడుగుతావు. వాళ్ళు బల్లకి చెప్తారు" అంది అక్క. "పైగా నువ్వు అడిగేటప్పుడు పెన్ను మూత తీసి రెడీగా ఉంటావే తల్లీ. పోలీసు స్టేషన్లో కూడా ముందు కూర్చోమంటారు."

ఆమె దస్తూరీ మాత్రం కోడి కెలికినట్టు ఉండేది. అందుకే రిజిస్టరు జోలికి వచ్చేది కాదు. అందులో ఏదైనా ఎక్కించాలంటే నా పక్కన నిలబడి చెప్పేది, నేను రాసేదాన్ని.

ఇంట్లో ఆమె భర్త కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. రోజూ ఆరింటికి వార్డుకి ఫోను చేసి, "గిన్నెలు కడిగేశాను, ఇంక రావచ్చు" అనేవాడు. ముగ్గురు పిల్లలు. మొదటి ఇద్దరూ మామూలు కాన్పులు. మూడోది ముప్పై ఎనిమిదో ఏట, బీపీ పెరిగి ఆపరేషన్. "ఇద్దరు గుమ్మంలోంచి వచ్చారు, ఒకడు కిటికీలోంచి దూకాడు. భోజనానికి మాత్రం ముగ్గురూ ఒక్క గుమ్మంలోంచే తోసుకుంటూ వస్తారు" అనేది. ఈ జోకు విని నవ్వని బాలింత మా వార్డులో లేదు. నవ్వితే కుట్లు లాగుతాయని తిట్టుకుంటూ మరీ నవ్వేవాళ్ళు.

ఇలా ఉండగా ఒక ఏడాది పెద్ద డాక్టరమ్మకి ఒక అనుమానం వచ్చింది. ముందు కన్నవాళ్ళకి ఈసారి సులువుగా అవ్వాలి కదా, వాళ్ళలో ఆపరేషన్లు ఎందుకు పెరుగుతున్నాయి? రెండేళ్ళ కేసు షీట్లు తీసి కారణాలు లెక్కగట్టమని నాకు అప్పజెప్పింది. నేను స్కేలు పెట్టి పెద్ద తెల్ల కాగితం నిండా గళ్ళు గీశాను. వయసు, ఎన్నో కాన్పు, కాన్పుకీ కాన్పుకీ ఎడం, బీపీ, షుగరు, బిడ్డ బరువు, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందా, పోయినసారి ఏమైంది. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క గీత. భోజనం మానేసి గీసిన రోజులున్నాయి.

మా వార్డు మటుకు లెక్క స్పష్టంగా తేలింది. అన్నిటికంటే ఎక్కువ గీతలు పడింది ఒకటే గడిలో: పోయినసారి ఆపరేషన్ అయినవాళ్ళు. ఒకసారి కోస్తే మళ్ళీ కొయ్యడమే అన్నట్టు సాగుతోంది. ఆ తరవాత వయసు, బీపీ, షుగరు, పెద్ద బిడ్డ. ముందువన్నీ మామూలు కాన్పులైన వాళ్ళు ఆపరేషన్ దాకా వచ్చింది తక్కువ.

డాక్టరమ్మ ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చుంది. "మొదటిసారి ఎందుకు కోశారో చూడకుండా రెండోసారి కోస్తున్నాం. అప్పుడు బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంటే ఇప్పుడూ అలాగే ఉండాలని ఏముంది? కారణం మళ్ళీ వచ్చేది కాకపోతే, లోపల కోత కింద భాగంలో అడ్డంగా ఉంటే, దగ్గర ఉండి చూసుకుంటూ మామూలు కాన్పుకి అవకాశం ఇద్దాం. కోత నిలువుగా పైదాకా వెళ్ళినవాళ్ళకి మాత్రం నొప్పులు రానివ్వకూడదు, ముందే ఆపరేషన్" అంది. ఆ రోజు నుంచి అదే పద్ధతి. నా పట్టిక వల్లే వచ్చిందని నేను ఇంట్లో వారం రోజులు చెప్పుకున్నాను.

అక్క పట్టికని తిప్పి తిప్పి చూసి, "గళ్ళు బాగా గీశావు పిల్లా. వీళ్ళు నిజం చెప్పారో లేదో రాసే గడి ఏది?" అంది.

"అలాంటి గడి ఎక్కడైనా ఉంటుందా అక్కా?"

"ఏమో, గళ్ళు గీసేది నువ్వు" అని దుప్పట్ల మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

అప్పటికి నాకు మూడో నెల. మొదటిది ఆడపిల్ల, మేం బుడంకాయ అంటాం, అప్పటికి నాలుగో ఏడు. దాని పుట్టుక వేరే ఊళ్ళో, ఒక చిన్న ఆస్పత్రిలో జరిగింది. ఇరవై గంటలు నొప్పులు పడ్డాను. తల దిగి దిగి ఇరుక్కుపోయింది. ఆఖరికి పూర్తిగా మత్తిచ్చి తీశారు. బిడ్డ తేలిగ్గా రాక, లోపల గర్భసంచి మీద అడ్డంగా పెట్టిన కోతని నిలువుగా పైదాకా పొడిగించారు. పైన చర్మం మీద మచ్చ మాత్రం అందరికీ ఉన్నట్టే అడ్డంగా ఉంటుంది, చూసి ఎవరూ కనిపెట్టలేరు. డిశ్చార్జి కాగితం మీద రాసి ఉంది: ఇకముందు కాన్పు ఆపరేషనే, నొప్పులు రాకముందే.

ఆ కాగితం నా బీరువాలో, శీతాకాలం బట్టల కింద ఉంది. ప్రింటింగు ప్రెస్సులో పనిచేసే మా ఆయనకి దాని సంగతే తెలీదు. ఆ రోజుల్లో ఆయన వేరే ఊళ్ళో ఉన్నాడు, పిల్ల పుట్టిన మూడో రోజుకి వచ్చాడు.

నా కేసు షీటు నేనే నింపుకున్నాను. ఎవరు నింపుతారు మరి? పోయినసారి కారణం అన్న చోట "బిడ్డ ఎదురుకాళ్ళు" అని రాశాను. కోత అన్న చోట "అడ్డం" అని రాశాను. పాత కాగితం ఏదమ్మా అని డాక్టరమ్మ అడిగితే, ఇల్లు మారినప్పుడు పోయిందన్నాను. ఏ మాట రాస్తే ఏ నిర్ణయం వస్తుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? గళ్ళు గీసిందే నేనాయె. ముత్యాల్లాంటి దస్తూరీతో రాసిన అబద్ధం. ఆమె నమ్మి, మామూలు కాన్పుకి ప్రయత్నిద్దాం అని కింద సంతకం పెట్టింది.

నర్సువి, కుట్టు విచ్చుకుంటే ఏమవుతుందో తెలీదా అని మీరు అడగొచ్చు. తెలుసు. తెలిసీ, అది వేరేవాళ్ళకి జరుగుతుందనుకున్నాను. అందరికీ రాసిపెట్టేదాన్ని నేనే కాబట్టి నాకు రాసిపెట్టి ఉండదని ఒక పిచ్చి ధీమా. దాని వెనక ఇంకో సంగతి కూడా ఉంది. మా తోటికోడలు ముగ్గుర్ని కంది. బుడంకాయని ఎత్తుకుని ఒకరోజు నవ్వుతూ, "నీకేం తెలుస్తుందిలే పిల్లని కనడమంటే. నువ్వు కనలేదుగా, వాళ్ళు తీసి ఇచ్చారు" అంది. ఆమె అని మర్చిపోయింది. నేను అప్పటి నుంచీ మోస్తూనే ఉన్నాను.

ఎనిమిదో నెల నిండింది. ఒక శనివారం పదకొండింటికి అక్క మూట తెచ్చి నా బల్ల మీద పడేసింది.

"లే. కొసలు పట్టుకో."

"మీ దుప్పటి మంత్రం నా దగ్గర పారదు అక్కా. అది నాకు తెలుసు."

"మంత్రం ఎవరిక్కావాలి? ఆయా రాలేదు, నాకు నడుం నొప్పి. నువ్వూ కొంచెం నడిచినట్టుంటుంది."

సరే అని లేచాను. నిజంగానే ఆమె ఏమీ అడగలేదు. వాళ్ళాయన గురక గురించి చెప్పింది. రిటైరయ్యాక పగలు కూడా ఆ గురక వినాల్సి వస్తుందేమోనని బెంగపడింది. పెద్దకొడుకు కొన్న కుర్చీకి మూడు కాళ్ళే నేలకి ఆనుతున్నాయంది. నేను నవ్వుతూ మడతలు పెడుతున్నాను. పది, పదకొండు దుప్పట్లయ్యాయి. దగ్గరికి నడిచి కొసలు అందిస్తుంటే అలవాటుగా అంది:

"బుడంకాయ పుట్టగానే ఏడ్చిందా?"

ఏడ్చిందని చెప్పొచ్చు. ఒక్క మాట. ఎదురుకాళ్ళ బిడ్డ అని ముందే తేదీ పెట్టుకుని కోస్తే నడుముకి సూది ఇస్తారు, తల్లి మెలకువగా ఉంటుంది, ఏడుపు వింటుంది. నేను రాసిన అబద్ధానికి జవాబు కూడా సిద్ధంగానే ఉంది. కానీ ఆ జవాబు చెప్పబుద్ధి కాలేదు. కొసలు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"తెలీదక్కా" అన్నాను చివరికి. "నేను వినలేదు."

దుప్పటి మా ఇద్దరి మధ్యా ఉంది.

"నాకు తెలివి లేదు. మర్నాడు మధ్యాహ్నం చూపించారు. అప్పటికే స్నానం చేయించి, గౌను వేసి, ఎవరి పిల్లనో తెచ్చి పక్కలో పెట్టినట్టు పెట్టారు. నా పిల్లేనా అని అడిగాను అక్కా. కన్నతల్లిని అయ్యుండి ఆ మాట అడిగాను. ఈసారి ఏడుపు వినాలి. ఒక్కసారి వింటే చాలు." ఇంక ఆగలేదు. ఇరవై గంటలు, నిలువుకోత, బీరువాలో కాగితం, తోటికోడలి మాట, అన్నీ వచ్చేశాయి. ఏడుపుకి ముక్కు కారుతుంటే ఆస్పత్రి దుప్పటితోనే తుడుచుకున్నాను.

ఆమె నా చేతిలోంచి కొసలు తీసుకుంది. ఆ దుప్పటి మళ్ళీ ఉతుక్కి పంపాలని పక్కన పడేసింది. తరవాత నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ మీద నాకు ఎంత కోపం వస్తోందో తెలుసా?" అంది. "రెండు చెంపలూ వాయించాలనుంది. కడుపుతో ఉన్నావని ఊరుకుంటున్నా."

"కొట్టండి అక్కా."

"నోర్ముయ్. పద డాక్టరమ్మ దగ్గరికి."

"మీరే చెప్పండి. నాకు మొహం చెల్లదు."

"నేను చెప్తే అది నా నోటి మీదుగా వచ్చిన కబురవుతుంది. నువ్వే చెప్పాలి. నేను పక్కన నిలబడతా." రెండడుగులు వేసి ఆగింది. "ఏడుపు నీకు వినిపించే పూచీ నాది. నడుముకే సూది ఇప్పిస్తా, తల దగ్గర నేనుంటా. గుమ్మమైతేనేం కిటికీ అయితేనేం, ఏడుపు ఒకటే."

డాక్టరమ్మ అంతా వింది. నా కేసు షీటు తీసి, నా ముత్యాల దస్తూరీ మీద అడ్డంగా ఒక గీత కొట్టి, సరైనది రాసింది. "నొప్పులు మొదలై ఆ కుట్టు విచ్చుకుని ఉంటే నీకూ బిడ్డకీ నిమిషాలే ఉండేవి. నీ మొహం చూసి, కాగితం పోయిందంటే నమ్మేశాను. తప్పు నాది కూడా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. గురువారం ఆపరేషన్ అని తేదీ పెట్టి, ఏ కాస్త నొప్పి వచ్చినా వెంటనే రమ్మంది.

గురువారం దాకా ఆగలేదు. సోమవారం పొద్దున బుడంకాయకి జడ వేస్తుంటే కడుపు గట్టిగా బిగిసింది. పది నిమిషాలకి మళ్ళీ బిగిసింది. మా ఆయనకి అంతకుముందు రోజే అన్నీ చెప్పాను. ఆయన బీరువాలోని ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు పాపం. పిల్లని పక్కింట్లో వదిలి నన్ను బండెక్కించాడు. వార్డులో ఒక్కరు కూడా ఏమీ అడగలేదు. షీటు మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది కాబట్టి తిన్నగా థియేటరుకి తోసుకెళ్ళారు.

ఆ రోజు అక్కకి సెలవు. బల్ల మీద పడుకుని గుమ్మం వైపే చూస్తున్నాను. నడుముకి సూది వేశారు, కాళ్ళు మొద్దుబారుతున్నాయి, ఆమె జాడ లేదు. ఇంక రాదేమో అనుకుంటుండగా ఆయాసపడుతూ వచ్చి నా తల దగ్గర స్టూలు మీద కూలబడింది. వార్డు నుంచి ఫోను రాగానే ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి వాళ్ళాయన చెప్పు వేసుకుని వచ్చిందట. గుమ్మం బయట ఆ రెండు చెప్పులూ చూసి మా ఆయన అంత కంగారులోనూ నవ్వాడట.

"వచ్చాగా. ఏడవకు" అంది. నా చెయ్యి పట్టుకుంది.

అడ్డుతెర అవతల డాక్టరమ్మ ఒక్కసారి ఆగింది. "పాత కోత దగ్గర ఉల్లిపొరంత మిగిలింది. కింద బిడ్డ జుట్టు కనిపిస్తోంది" అంది మెల్లగా, పక్కనున్న డాక్టరుతో. నాకు వినపడకూడదనుకుంది. వినపడింది. అక్క చెయ్యి నా చేతిని ఇంకా గట్టిగా నొక్కింది. ఇంకో గంట నొప్పులు పడి ఉంటే అన్న ఆలోచన మా ఇద్దరికీ ఒక్కసారే వచ్చి ఉంటుంది.

తరవాత కాసేపు ఏ చప్పుడూ లేదు. ఎంతసేపో చెప్పలేను. అక్క పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. ఏడు దగ్గరో ఎనిమిది దగ్గరో ఉండగా వచ్చింది ఏడుపు. ముందు దగ్గులా, ఆ తరవాత గది మొత్తం నిండేలా. కోపంగా, ఇంత ఆలస్యం ఏమిటని నిలదీస్తున్నట్టు.

"వినపడిందా?" అంది అక్క.

నేను తల ఊపాను.

"నోటితో చెప్పు. లేకపోతే ఇంకోసారి ఏడిపించమంటా."

"వినపడిందక్కా."

నాలుగు రోజులకి నెమ్మదిగా లేచి నడిచాను. నడవగలిగాక మొదట వెళ్ళింది నా బల్ల దగ్గరికే, అలవాటు. రిజిస్టరు తీశాను. నేను లేని రోజుల్లో ఎవరు ఎలా నింపారో అని చిరాకుపడడానికి సిద్ధంగా ఉన్నాను. నా వరుస దగ్గరికి వచ్చేసరికి కోడి కెలికిన అక్షరాలు. తేదీ, వయసు, రెండో కాన్పు, మగబిడ్డ, బరువు రెండు కిలోల ఎనిమిది వందలు. జన్మలో రిజిస్టరు ముట్టుకోని మనిషి కూర్చుని ఒక్కొక్క గడీ నింపింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఉండడానికి కారణం రాసే గడి మా రిజిస్టరులో లేదు. ఆపరేషన్‌కి కారణం అన్న గడి ఉంది. అందులో పాత నిలువుకోత అని రాసి, పక్కనే ఖాళీ లేకపోయినా ఇరికించి ఇంకో ముక్క రాసింది: "తల్లి నిజం చెప్పింది." కింద డాక్టరమ్మ సంతకం ఉంది. కొట్టెయ్యకుండా పెట్టిన సంతకం.

ఆ రిజిస్టరు మీద తల పెట్టి ఏడ్చాను. కుట్లు లాగాయి.

వాడికి ఇప్పుడు ఐదేళ్ళు. అక్క వాళ్ళింట్లో మూడు కాళ్ళ కుర్చీ మీద ఊగడం వాడికి ఇష్టం. వార్డులో పదకొండింటికి మూట ఇప్పుడు నేను తీసుకుంటాను. పెన్ను బల్ల మీదే వదిలేసి వెళ్తాను. గోడకి అంటించిన నా పాత పట్టిక ఇంకా అలాగే ఉంది. అందులో అట్టడుగున, స్కేలు పెట్టకుండా, చేత్తోనే ఒక గడి గీశాను. ఈ ఐదేళ్ళలో దుప్పటి పట్టుకుని పాత కోత గురించి దాచిన అసలు మాట చెప్పినవాళ్ళకి ఒక్కొక్క గీత. ఇప్పటికి పదకొండు గీతలున్నాయి. పదకొండు మందీ పిల్లల్ని ఎత్తుకుని ఇంటికెళ్ళారు. మొదటి గీత నాది.